ఊరు ఎరగనన్న మనిషి

కొల్లేటి లంకల్లో సర్కారు మనిషి ఏమడిగినా ఒకటే జవాబు: "ఎరగమండి." దారి అడిగితే ఎరగం. దోనె ఎవరిదని అడిగితే ఎరగం. ఆ దోనెలో కూర్చుని ఉన్నవాణ్ణే పట్టుకుని అడిగితే, కాసేపు ఆలోచించి, తన పేరొక్కటీ చెప్పేవాడు. ఇందులో మోసం ఏమీ లేదు. బాలస్వామి ఒకసారి ఏదో కొట్లాట చూశానని నోరు జారి, ఏలూరు కోర్టుకి ఏడుసార్లు సాక్ష్యానికి తిరిగాడు. ఆ ఏడాది అతని చేను ఊడ్పు పడలేదు. ఉప్పు గొడవలు వచ్చాక పోలీసులు పేర్లు రాసుకుపోవడం మరీ ఎక్కువైంది. అందుకని, ఒంటరిగా నీళ్ళలోకి దిగొద్దని చెప్పినట్టే, పిల్లలకి ఈ మాట కూడా నేర్పేవారు.

విక్టోరియా కూడా అలాగే నేర్చుకుంది. ఆ లంకలో మిషన్ బడి నడిపే సత్యవేదం మాస్టారి కూతురు ఆమె. పద్నాలుగేళ్ళు నిండాయి గాని నలుగురిలో నోరు పెగిలేది కాదు. చెప్పాలనుకున్నవన్నీ ఒక రూళ్ళ పుస్తకంలో రాసుకుని, దాన్ని బియ్యపు కుండ వెనకాల దాచుకునేది.

ముప్పైరెండో సంవత్సరం ఆగస్టులో ఒక పొద్దున్న హెడ్ కానిస్టేబుల్ ప్రసాదరావూ, ఊరి మునసబైన అబ్బాయిరాజూ దోనె దిగి నేరుగా బడి అరుగు మీదికి వచ్చారు. మాస్టారు తాడేపల్లిగూడెం మిషన్ బంగళాకి మీటింగుకి వెళ్ళి ఉన్నారు. ప్రసాదరావు చేతిలో ఒక ఫోటో, రెండు కాగితాలు ఉన్నాయి. ఊరంతా అరుగు ముందు మూగింది.

"అమెరికా నుంచి వచ్చిందిది. చెన్నపట్నం మీదుగా ఏలూరు వచ్చి, నా నెత్తిన పడింది. ఈ మనిషి మీ ఊరివాడేనా?" అన్నాడు ప్రసాదరావు.

ఫోటోలో కోటు తొడుక్కుని టోపీ పెట్టుకున్న మనిషి. మీసం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. ఫోటో చేతులు మారింది.

"ఎరగమండి," అన్నాడు బాలస్వామి. "ఈ టోపీ ఈ చుట్టుపక్కల ఎక్కడా చూళ్ళేదండి."

"టోపీ సంగతి కాదయ్యా, మొహం చూడు."

"మొహం టోపీ కిందే ఉందండి. అదీ చూళ్ళేదండి."

కొందరు నవ్వారు. ఫోటో హన్నమ్మ చేతికి వచ్చింది. ఆమె కొడుకు తోమా నాలుగేళ్ళ కిందట కాకినాడ వెళ్ళి ఓడలో పనికి కుదిరాడు. ఆ ఓడ దిగి అమెరికాలో ఉండిపోయాడని ఒక్క ఉత్తరం వచ్చింది. ఊరందరికీ తెలుసా సంగతి. హన్నమ్మ ఫోటో వంక చాలాసేపు చూసింది.

"ఇంత నాజూకు దొరబాబు నా గుడిసెలో ఎందుకు పుడతాడండీ," అంది. తిరిగి ఇచ్చే ముందు పమిట చెంగుతో ఆ ఫోటోని, మొహం ఉన్న మేర, తుడిచింది.

విక్టోరియాకి చూడగానే తెలిసింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో చీలిన మచ్చ. తనకి తొమ్మిదేళ్ళప్పుడు తోమా దోనెలో అవతలి ఒడ్డుకి వెళుతూ, నేను తోస్తానని పోట్లాడి గడ లాక్కుని, జారవిడిచి, అతని నుదురు పగలగొట్టింది తనే. తనని చెల్లెమ్మా అని పిలిచే అతను ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ దోనెలోనే, అడుగున చేరిన బురదలో వేలితో గీసి, అతనికి అక్షరాలు నేర్పింది కూడా తనే.

"చదువుకున్న పిల్లవి కదమ్మా, ఇది చూడు," అంటూ మునసబు కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. ఒకటి తాలూకా ఆఫీసులో తెలుగులో రాసింది: ఈ మనిషి మీ గ్రామస్థుడా, కాడా. రెండోది ఇంగ్లీషులో టైపు చేసింది. విక్టోరియా ఇంగ్లీషు మూడో వాచకం దాటలేదు. అయినా అక్కడక్కడ మాటలు తెలిశాయి. తల్లి అన్న మాట ఉంది. ఇల్లు అన్న మాట ఉంది. తిరిగి పంపడం అన్న మాట రెండుచోట్ల ఉంది. ఇది పట్టుకుపోయే కాగితం కాదేమో, ఇంటికి పంపే కాగితమేమో అని ఆమెకి తోచింది. ఒక్క నిమిషం ఆగండి అంటే సరిపోయేది. నాన్నగారు రేపు వస్తారండి అన్నా సరిపోయేది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. తను అవునంటే, ఇప్పటిదాకా చెప్పిన వాళ్ళందరూ, కన్నతల్లితో సహా, అబద్ధాలాడినట్టు అవుతుంది.

"ఎరగనండి," అంది.

ప్రసాదరావు వేలిముద్రలు వేయించుకున్నాడు. ఒక్క సంతకమైనా ఉంటే కాగితానికి విలువుంటుందని, చివర విక్టోరియా చేత పేరు రాయించుకున్నాడు. దోనె వెళ్ళిపోయాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తోమాని కాపాడుకున్నామని బాలస్వామి మీసం దువ్వుకున్నాడు. ఆ రోజు విక్టోరియా పుస్తకంలో తేదీ ఒక్కటే వేసి మూసేసింది.

జనవరిలో తోమా ఉత్తరం వచ్చింది. హన్నమ్మకి చదివి పెట్టేది విక్టోరియాయే. గుడిసె ముందు పదిమంది చేరారు. రాత తోమాదే, వంకరగా, పెద్ద పెద్ద అక్షరాలతో.

"అమ్మకు నమస్కారములు. ఇక్కడ పనులు దొరకని కాలం వచ్చినది. పరదేశపు వాళ్ళని ఓడలెక్కించమని గోల పెట్టుచున్నారు. ఆఫీసర్లు రోజూ పట్టుకు వచ్చుచున్నారు, పడుకొనుటకు చోటు లేదు, ఇద్దరికొక మంచము. నన్ను కూడా జూన్‌లో పట్టుకున్నారు. నాకు సంతోషమే, ఇంటికి వచ్చెదను కదా అనుకున్నాను. కాని ఎవరో ఒకరు మావాడే అని చెప్పకపోతే ఏ ఓడలోను ఎక్కించరట. ఇక్కడి పెద్దాయన పార్టీ ఓడిపోయినది. గెలిచినాయన మార్చి దాకా కుర్చీ ఎక్కడట. ఈలోపు ఎవరి మాట వినవలెనో తెలియక ఆఫీసర్లు ఉన్నవాళ్ళని ఉన్నచోటనే ఉంచినారు."

"గెలిచాక కూడా నాలుగు నెలలు కుర్చీ ఎక్కడా?" అన్నాడు బాలస్వామి. "మన మునసబుగారు వాళ్ళ నాన్న దినం కాకుండానే ఎక్కేశారు కదరా."

నవ్వులయ్యాక విక్టోరియా మిగతాది చదివింది. "మన ఊరి నుండి కాగితము వచ్చినదని, ఇటువంటివాడు మాకు తెలియదని అందులో ఉన్నదని చెప్పినారు. నేను నమ్మలేదు."

హన్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నా నోటితోనే అన్నానమ్మా," అంది. "దాచుకున్నాననుకున్నాను. చిన్నపిల్లవి, నువ్వేం చేస్తావు."

ఇంగ్లీషు కాగితంలో ఏమేమి మాటలు కనిపించాయో అప్పుడైనా చెప్పి ఉండవలసింది. విక్టోరియా ఉత్తరం మడిచి ఇచ్చేసింది.

సత్యవేదం మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని మునసబు దగ్గరికి వెళ్ళారు. మునసబు పడకకుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

"ఏవండీ మాస్టారూ, ఆగస్టులో ఎరగమన్నారు. ఇప్పుడు ఎరుగుదుమంటారు. ఊరంతా కలిసి సర్కారుకి అబద్ధం చెప్పిందని తహసీల్దారు గారు రాస్తే, ముందు ఎవరి సంతకం కనపడుతుందండీ?"

మాస్టారు కూతురి వైపు చూశారు.

"మీ బడి గ్రాంటు కూడా ఆ ఆఫీసు మీదుగానే రావాలి గదండీ. అయినా మార్చిలో కొత్తాయన వస్తున్నాడంటున్నారుగా. ఆయనే వదిలేస్తాడు లెండి."

ఆ మాట అందరికీ నచ్చింది. ఆ ఆదివారం గుళ్ళో అమెరికా కొత్త ప్రెసిడెంటు కోసం ప్రార్థన చేశారు. ఆయనకి దయగల మనసు ఇమ్మని, కనికరించే ఆఫీసర్లని ఇమ్మని మాస్టారు వేడుకుంటుంటే ఊరంతా ఆమెన్ అంది. విక్టోరియా కూడా అంది. ఏలూరు ఎంతో దూరం లేదు. పొద్దున్నే దోనెక్కితే మధ్యాహ్నానికి తాలూకా ఆఫీసు మెట్ల ముందు ఉండొచ్చు. అది వదిలేసి, సముద్రాల అవతలి మనిషికి మంచి బుద్ధి పుట్టించమని దేవుణ్ణి అడుగుతున్నామని ఆమెకి తెలుసు. తెలిసే మోకాళ్ళ మీద ఉంది.

మార్చిలో ఆయన కుర్చీ ఎక్కాడని పేపర్లో పడింది. వానలు వచ్చాయి, కొల్లేరు పొంగింది, తీసింది. తోమా రాలేదు. హన్నమ్మ ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. విక్టోరియా ఆమె గుడిసె ముందునుంచి వెళ్ళవలసి వచ్చినప్పుడల్లా చుట్టూ తిరిగి గట్టు మీదినుంచి వెళ్ళేది.

ముప్పైనాలుగు జూన్‌లో, అదే కోటుతో, అదే టోపీతో తోమా దోనె దిగాడు. రేవులో ఉన్నవాళ్ళు మొదట పక్కకి తప్పుకున్నారు. హన్నమ్మ వచ్చి టోపీ తీసి, తల నిమిరి, మళ్ళీ తనే పెట్టింది.

ఆదివారం గుడి అయ్యాక బడి అరుగు మీద కూర్చోబెట్టి అందరూ అడిగారు. తోమా చెప్పాడు.

"కొత్త పార్టీ వచ్చాక పెద్దాఫీసర్లందరూ మారిపోయారండి. పాతవాళ్ళు సామాన్లు సర్దుకోడం, కొత్తవాళ్ళు కాగితాలు వెతుక్కోడం. నా కాగితం ఏ బల్ల మీదుందో ఎవరికీ తెలీదు. ఏడాది పైన అలాగే ఉన్నాను. ఆఖరికి గూడెం మిషన్ బంగళా దొరసానమ్మగారు లేరూ, ఆవిడ సెలవు మీద వాళ్ళ దేశం వచ్చి, ఖైదీలకి వాక్యం చెప్పడానికి అక్కడికొచ్చారండి. నేను తెలుగులో దండం పెట్టాను. ఆవిడ అదిరిపడ్డారు. మీ లంకలో గుడి గంట కొట్టేదెవరన్నారు. సత్యవేదం మాస్టారన్నాను. మావాడే అని ఆవిడే సంతకం పెట్టారండి."

"పెట్టరూ మరి, మహాతల్లి," అన్నాడు బాలస్వామి, ఎటో చూస్తూ.

"అసలు సంగతి ఇది," అని తోమా కోటు లోపలి జేబులోంచి మడతలు పడిన కాగితం తీశాడు. "ఊరు నన్ను ఎరగనన్నదని దీన్ని నా మొహాన చూపించారు, వదిలేటప్పుడు నా చేతికే ఇచ్చేశారు. దొంగముద్రలండి. ఎవరి వేళ్ళో వేయించి, మా అమ్మ ముద్ర అని రాశారు. ఇంకా చూడండి, విక్టోరియా సంతకం. మా చెల్లి నాకు అక్షరాలు నేర్పిన పిల్ల, దాని రాత నాకు తెలీదా, ఇది దానిది కాదు పొమ్మని బల్ల గుద్దాను. పది రోజులు ఒంటరి గదిలో పెట్టారు. అయినా ఒప్పుకోలేదు."

"దొంగ నాయాళ్ళు," అన్నాడు బాలస్వామి. "ఎంత బాగా కలిపారో." ఇంకెవరో అవునన్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అందరూ కలిసి మళ్ళీ ఎరగమన్న ఆ పాత మాటే అంటున్నట్టు విక్టోరియాకి వినిపించింది. తను ఊరుకుంటే చాలు. తోమా ఎప్పటికీ అలాగే నమ్ముతాడు, తనని చూసినప్పుడల్లా చెల్లెమ్మా అని నవ్వుతాడు. ఆ నవ్వుని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు ముడుచుకుపోయింది.

"సంతకం నాదే అన్నయ్యా," అంది.

చిన్న గొంతు. కాని అందరికీ వినపడింది.

"నిన్ను గుర్తుపట్టాను. ఆ మచ్చ చూసి. ఇంగ్లీషు కాగితం కూడా కొంచెం అర్థమైంది. ఇంటికి పంపుతారేమోనని తోచింది. తోచే రాశాను."

తోమా ఆమె వంక చూడలేదు. కాగితం వంకే చూస్తున్నాడు. "మరి ఈ ముద్ర?" అన్నాడు.

హన్నమ్మ బొటనవేలు చాపింది. సిరా ఎప్పుడో పోయింది. అయినా ఆమె చాపి అలాగే ఉంచింది.

"నిన్ను దాద్దామనేరా," అన్నాడు బాలస్వామి.

"ఎక్కడ దాచారో తెలుసునా మీకు," అన్నాడు తోమా. గొంతు పెంచలేదు. కాగితాన్ని పాత మడతల్లోనే మడిచి, జేబులో పెట్టుకుని, అరుగు దిగి వెళ్ళిపోయాడు.

మూడు రోజుల తరవాత విక్టోరియాకి టీచరు పరీక్ష ఉంది, ఏలూరు వెళ్ళాలి. రేవులో తోమా దోనె ఒక్కటే ఉంది. పుస్తకాల మూట పట్టుకుని నిలబడిపోయింది. అతను దోనె ఒడ్డుకి జరిపి, గడ ఆనించి ఆగాడు. ఎక్కింది. దారిపొడుగునా నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు తను అక్షరాలు గీసిన చోటే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

అవతలి గట్టు మీద ఎవరో సర్కారు బిళ్ళబంట్రోతు నిలబడి ఉన్నాడు. ఆమె దిగగానే అడిగాడు. "ఏమమ్మా, ఎవరిదా దోనె? ఎవరతను?"

"తోమా అండి," అంది విక్టోరియా. "హన్నమ్మగారి అబ్బాయి. మా ఊరేనండి. పుట్టింది అక్కడేనండి."

బంట్రోతు చుట్ట అంటించుకుంటూ, "అలాగా, అవతలికి దింపుతాడేమోనని అడిగానులే," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగేసరికి తోమా గడ వేసేశాడు. దోనె అప్పటికే తుంగ దాటుతోంది. ఆ మాట అతనికి వినపడిందో లేదో ఆమెకి తెలియలేదు. పరీక్షకి వేళ మించుతున్నా, టోపీ కనపడినంతసేపూ గట్టు మీదే నిలబడింది. అతను తిరిగి చూడలేదు.