ఒక్కదానికి సరిపడా సంచి

పదకొండేళ్లుగా ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టీ కుట్టీ ఆమె మెడ పట్టేసింది. నాలుగు రోజులు సెలవు దొరకగానే అక్క దగ్గరికి వెళ్దామని, పాత కర్టెన్ గుడ్డతో చిన్న ప్రయాణపు సంచి కుట్టుకోవడానికి కూర్చుంది. ఆమె కాగితం మీద గీసుకున్న కొలతలు భర్త చూశాడు.

"ఇంత చిన్నదా? నా బట్టలెక్కడ పెడతావు?"

"మీరు రావట్లేదండీ. నేనొక్కదాన్నే వెళ్తున్నాను."

"మరి వంటో?"

"బియ్యం డబ్బా చూపిస్తాను. అదేం పారిపోదు."

అతను ముఖం ముడుచుకున్నాడు. ఆమె జిప్పు కుట్టబోయింది గానీ, కళ్లు మూతలు పడిపోతుంటే మిషను సూదిలోకి దారం ఎక్కలేదు. కాసేపటికి అతనే కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఎక్కించాడు.

"వదినని అడిగానని చెప్పు," అన్నాడు.

మర్నాడు బస్సులో ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని, దిగాల్సిన ఊరు వచ్చేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.