సంతకం ముందు, కంపెనీ వెనక

పదిహేనేళ్లు ఒకరి కింద పైపులు బిగించిన మా బావ సొంతంగా కాంట్రాక్టరయ్యాడు. మొదటి పనే మూడంతస్తుల ఆసుపత్రి.

"ముందు లిమిటెడ్ కంపెనీ పెట్టండి, తర్వాత సంతకం పెట్టండి" అంది అక్క. "తేడా వస్తే కంపెనీ మీదికి పోతుంది, కొంప మీదికి రాదు."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా? నాలుగు పనులు పడనీవే!" అని బావ తన పేరు మీదే సంతకం గీకేశాడు.

నెల తిరక్కుండానే రెండో పని దొరికింది. ఆ హుషారులో కంపెనీ పెట్టి, ఇంటి గోడకే బోర్డు కొట్టాడు. ఆసుపత్రి కాగితం కూడా కంపెనీ పేరుకి మార్పించమని నేను పోరాను.

"అప్పుడే కాగితాలు తిప్పుతున్నాడేంటని అనుమానపడతార్రా. మొహమాటంగా ఉంది" అన్నాడు. మొహమాటానికి మందు ఏ ఆసుపత్రిలోనూ దొరకదు.

మూడో అంతస్తులో బావ బిగించిన పైపు జాయింటు ఊడి, కింద స్కానింగు మెషీన్లు నీళ్లపాలయ్యాయి.

లాయరు ఒప్పందం మీద తేదీ చూశాడు. "కంపెనీకేం భయం లేదు. అది పుట్టకముందు సంగతిది. కట్టాల్సింది మీరు."

"నా దగ్గరేముంది సార్, ఇల్లు తప్ప?"

"అదే."

కంపెనీ లిమిటెడ్, కష్టం అన్‌లిమిటెడ్.

ఇల్లు ఖాళీ చేసే రోజు బావ ఒక ఫారం ముందేసుకుని కూర్చున్నాడు. కంపెనీ చిరునామా మారితే ప్రభుత్వానికి తెలియజేయాలట.

"ఏమని రాయనే?" అన్నాడు.

అక్క గిన్నెల మూట ముడి బిగిస్తూ అంది. "మీ కంపెనీ క్షేమంగానే ఉందిగా, దాన్నే అడగండి."