పాత చక్రాలకి దారి తెలుసు

టైలర్ మాస్టారు పొద్దున్నే లేచి ముందు కారు తుడిచేవాడు, తరవాతే మొహం కడుక్కునేవాడు. పన్నెండేళ్ళ కారు. దానికో లెక్క ఉంది. పెట్రోలు లైటు వెలిగాక సరిగ్గా నలభై కిలోమీటర్లు వెళ్తుంది. ఆ నలభై అయ్యేదాకా ఆయన బంకు మొహం చూసేవాడు కాదు, అదో పంతం. "గుడ్డని చివరి జానెడు దాకా వాడేవాడే టైలరు," అనేవాడు. భార్య ఎంత మొత్తుకున్నా చెవినబెట్టేవాడు కాదు. లెక్క ఒక్కసారీ తప్పలేదు మరి, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఆ లెక్కకి ఎసరు పెట్టింది ఆవిడ సొంత తమ్ముడే. "బావా, ఆ బుల్లి చక్రాలేంటి, చంటిపిల్లాడి సైకిల్లా! పదిహేడు అంగుళాలవి వేయించు. వెడల్పు టైర్లు, మెరిసే రిమ్ములు. వీధి వీధంతా తిరిగి చూస్తుంది." పొగిడితే పొంగిపోయే మనిషికి ఇంకేం కావాలి? పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ఎదురింటివాళ్ళ పెద్ద కారుని చూసి మాస్టారు టైర్ల షాపుకి పోయాడు.

షాపు నడిపేది ఒకావిడ. మోచేతుల దాకా గ్రీజు, మాటలో దాపరికం లేదు.

"వేస్తాను మాస్టారూ, నాకేం? కానీ విని వేయించుకోండి. చక్రం బరువెక్కితే తిప్పడానికి ఇంజను ఎక్కువ తాగుతుంది. టైరు వెడల్పయితే రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, తేలిగ్గా దొర్లదు. గమ్‌బూట్లు వేసుకుని కుట్టుమిషను తొక్కి చూడండి, మీకే తెలుస్తుంది. లీటరుకి పదహారు ఇచ్చే బండి పదమూడుకి దిగుతుంది."

"చూడ్డానికి బాగుంటాయా, ఉండవా?"

"బాగుంటాయి."

"అయితే బిగించు తల్లీ."

పాత చక్రాలు నాలుగూ రిమ్ములతో సహా అక్కడే వదిలేసి వచ్చాడు. సాయంత్రానికి అవి ఇంటికి వచ్చేశాయి. ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ, మూల మలుపు దగ్గర ఆగి, బస్సుని పోనిచ్చి, గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాయి. పక్కింటావిడ దండెం మీద బట్టలు తీస్తూ, "మీ చక్రాలొచ్చాయండీ!" అని కేకేసింది. మాస్టారు వాటిని తిరిగి షాపులో దింపాడు. మర్నాడు మళ్ళీ వచ్చాయి. మూడోసారికి షాపావిడ విసుక్కుంది. "బాగా అలవాటుపడ్డవి అంతే మాస్టారూ, ఇంకోచోట ఉండవు. ఇంట్లోనే ఉంచుకోండి." మాస్టారి భార్య వాటిని తుడిచి మెట్ల కింద పెట్టింది. "పోన్లెండి, తిండి అడగవుగా," అంది.

ఆ మర్నాడే ఆవిడ పరీక్ష. ఆవిడ ఒక బళ్ళో గుమాస్తా, టీచరు కావాలని ఆశ. ఇదివరకు మూడుసార్లు రాసింది, మూడుసార్లూ పోయింది. ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది, ఇంక రాయనివ్వరు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఏడాదంతా చదివింది పాపం. పరీక్ష కేంద్రం ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. తొమ్మిదికి గేటు మూస్తే ఇక దేవుడొచ్చినా తీయరు.

ఏడున్నరకి కారెక్కుతూనే ఆవిడ ఉలిక్కిపడింది. "ఏమండీ, లైటు!"

"ఇప్పుడేగా వెలిగింది. నలభై వస్తుంది, మనకి కావలసింది ముప్పై ఎనిమిది. ఇంకా రెండు మిగుల్తాయి. కేంద్రం పక్కనే బంకుంది, అక్కడ కొట్టిస్తా. నువ్వు చదువుకో."

ఆ నలభై పాత చక్రాల నలభై అని మహానుభావుడికి తట్టనేలేదు. ముప్పై రెండు దాటగానే కారు ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, పొలాల మధ్య ఆగిపోయింది. టైము ఎనిమిదీ ఇరవై.

"నలభై రావాలే..." అని గొణుగుతూ ఆయన తాళం తిప్పుతూనే ఉన్నాడు.

"మీ నలభై తగలెయ్య!" ఆవిడ హాల్‌టికెట్టు గుండెకి అదుముకుని భోరుమంది. "మా తమ్ముడి మాట వింటారు. షాపావిడ మాట వినరు, నా మాట అసలే వినరు. ఇంక రాయనివ్వరండీ నన్ను!"

ఆయన రోడ్డు మీదికి పరిగెత్తి చెయ్యి ఊపాడు. ఒక లారీ ఆగకుండా పోయింది. ఒక వ్యాను హారన్ కొట్టి మరీ పోయింది. "నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి," అన్నాడు. ఆయనకీ ఏడుపొచ్చేసింది.

అప్పుడు వెనక నుంచి, రోడ్డు ఎడమ అంచు వెంటే పద్ధతిగా, నాలుగు చక్రాలూ దొర్లుకుంటూ వచ్చాయి. ఒళ్ళంతా దుమ్ము. కారు పక్కన వరసగా ఆగాయి.

"వచ్చారా నాయనా!" ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "చూస్తారేమండీ, జాకీ తీయండి!"

బొత్తాలు కుట్టే చేతులు ఆ రోజు బోల్టులు బిగించాయి. ఊడదీసినవి కిందపడి దొర్లిపోకుండా ఆవిడ పరీక్ష అట్ట మీద పట్టుకుంది. మెరిసే చక్రాలు నాలుగింటినీ గట్టు మీదికి దొర్లించేశారు. ఇద్దరూ ఎక్కి తలుపులు వేశారో లేదో, కారు కదిలింది. ఇంజను చప్పుడు లేదు, పెట్రోలు చుక్క లేదు. ఆయన స్టీరింగు తిప్పబోతే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వదిలేయండి. మూడుసార్లు నన్ను తీసుకెళ్ళి, మూడుసార్లూ ఏడుస్తుంటే వెనక్కి తెచ్చినవి ఇవే. వాటికి దారి తెలుసు."

నిజమే, ఏ గుంత ఎక్కడుందో, ఏ మలుపులో ఎటు తిరగాలో వాటికి కొట్టినపిండి. గేటు ముందు ఆగేసరికి ఎనిమిదీ యాభై మూడు. అమ్మయ్య! ఆవిడ లోపలికి పరిగెత్తింది. మాస్టారు పక్కనున్న బంకుకి నడిచివెళ్ళి, జన్మలో మొదటిసారి, డబ్బా నిండా పెట్రోలు పోయమన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆవిడ ఏడవలేదు. సీటు వాల్చుకుని గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఉద్యోగం ఉత్తరం వచ్చిన రోజు తమ్ముడు వచ్చి కారు చుట్టూ తిరిగి చూశాడు. "బావా, పదిహేడు అంగుళాలవి ఏవి?"

"గట్టు మీద వదిలేశాం. ఇంకా ఇంటికి రాలేదు," అన్నాడు మాస్టారు.

"రావు," అంటూ టీచరమ్మ గుడ్డ తడిపి, చక్రాల పక్కన కూర్చుని, ఒక్కోటీ తుడవడం మొదలుపెట్టింది.