లాల్‌బీ వాకిట్లో వేపకొమ్మ

మాసయ్య గొడ్డలి తిరగేసి వేపచెట్టు మొదలు మీద మెల్లగా కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టాడు. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చాక గొడ్డలి కింద పెట్టాడు.

"చెట్టు గట్టిగనే ఉంది. కొమ్మ ఒక్కటే ఇరిగింది."

గద్వాలలో లాల్‌బీది పాత మట్టి మిద్దె. నిన్న సాయంత్రం గాలివానకు మనిషి నడుమంత లావున్న కొమ్మ చంక దగ్గర చీలి, మిద్దె మీద మూరెడు ఎత్తున వేలాడుతోంది. ఇంకొక్క గాలి వస్తే పడుతుంది. పడితే దూలాలు ఆగవు. ఆ దూలాల కిందే లాల్‌బీ కోడలు అమీరున్నీసా నాలుగు రోజుల పసిగుడ్డుతో మంచంలో ఉంది. నెత్తురు పోవడం నిన్ననే ఆగింది. మంచం కదపొద్దని మంత్రసాని గట్టిగా చెప్పి వెళ్లింది.

కట్టెల అడితి నడిపే ఈరన్న అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మొదలుకు నరికేస్తే అయిపోతది గద. వీధి దిక్కు పడగొడత," అన్నాడు.

"బరువంత మిద్దె దిక్కే ఉంది. చెట్టు నీ మాట ఇనదు, ఈరన్నా."

లాల్‌బీ కొంగు నెత్తి మీదికి లాక్కుని మాసయ్య మోకాలి వైపు చూసింది. ఎడమ మోకాలు బిగుసుకుపోయి, నిలబడితే కాలు కొంచెం వంకరగా ఉంటుంది.

"నీతోని అయితదా మాసయ్యా? నిజం చెప్పు."

"అయితదమ్మా. మధ్యాహ్నం దాటితే మళ్ల గాలి లేస్తది. ఆ లోపల దించుత. జర నా మాట ఇనెటోళ్లు ఇద్దరు గావాలె."

ఆ ఇద్దరూ లాల్‌బీ కొడుకు ఖాజా, ఈరన్న. ఈరన్న వద్దనలేకపోయాడు.

మాసయ్యకు అరవై దగ్గరపడ్డాయి. గట్టు అనే ఊరి పక్క పల్లె అతనిది. పాతికేళ్ల వయసులో ఇటిక్యాలలో చింతచెట్టు మీది నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఎవరి దగ్గరైనా జీతం ఉండమని అందరూ చెప్పారు. ఆరు నెలలు మంచంలో ఉండి లేచి, మళ్లీ అదే చింతచెట్టు ఎక్కాడు. అప్పటి నుంచి నడుముకు తాడు లేకుండా నేల విడవలేదు. బావి మీదికి వంగిన కొమ్మ, కప్పు మీద ఎండిన కొమ్మ, ఎవరికీ అందని కొమ్మ ఏదైనా అతనికే కబురు వచ్చేది. కబురు రాని రోజుల్లో కిత్తనార తెచ్చి, నానబెట్టి, దంచి, తన మోకులు తానే పేనుకునేవాడు. ఇంకొకరు పేనిన తాటికి ప్రాణం అప్పజెప్పడం అతనికి నచ్చదు.

తడి బెరడు జారుతోంది. కుడికాలు పైకి వేసి, ఎడమకాలిని చేత్తో ఎత్తి పెట్టుకుంటూ ఎక్కాడు. సగంలో ఎర్రచీమలు మెడ పట్టాయి. చేతులు వదిలే వీలు లేదు. కుట్టనిచ్చాడు. విరిగిన కొమ్మకు పైన, మరో గట్టి పంగ చూసి మోకు దాని మీదుగా వేశాడు. ఒక కొస కొమ్మకు బిగించాడు. రెండో కొసను కింద పశువులను కట్టే రాతిగుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకోమని ఖాజాకు చెప్పాడు. కొమ్మను వాకిలి వైపు లాగే సన్నతాడు ఈరన్న చేతికి వచ్చింది.

మొదట రెమ్మలు. ఒక్కొక్కటీ కోసి, తాటికి కట్టి దించాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మొండికొమ్మ మిగిలింది. దాన్ని ముందు కింది నుంచి నాలుగు వేళ్ల లోతు కోశాడు. పైనుంచే కోస్తే పడేటప్పుడు చెట్టు బెరడును చీల్చుకుంటూ పోతుంది. ఆ గాయం మానదు. తర్వాత రంపం పైకి మార్చాడు.

కొమ్మ తెగింది. మోకు బిర్రుగా బిగుసుకుంది. అప్పుడే వేళకంటే ముందే గాలి లేచింది.

కొమ్మ గిర్రున తిరిగి మిద్దె వైపు మళ్లింది. దాని మొండికొస పిట్టగోడకు జానెడు దూరంలో ఊగుతోంది. గుంజ మీద మోకు జారి ఖాజా అరచేతులు కాలాయి.

"ఇడువాల్నా మామా?"

"ఇడువకు. గట్లనే పట్టు. ఈరన్నా, నువ్వు ఇప్పుడే గుంజొద్దు, ఊరికే బిగిచ్చి పట్టు."

"ఎంతసేపు?"

"గాలి పొయ్యేదాక. దానికి తొందర ఉంది, మనకు లేదు."

ఆ గొంతులో ఏ మార్పూ లేదు. ఈరన్న మడమలు మట్టిలో దిగేసి నిలబడ్డాడు. మెడ నరాలు తేలాయి. లాల్‌బీ గడపలో నిలబడి పెదవులు కదుపుతోంది. పైన మాసయ్య నడుము తాటి మీద బరువు వేసి, ఆకుల వైపు చూస్తున్నాడు. చిటారు ఆకులు ఆగాయి. కింది ఆకులు ఆగాయి.

"ఈరన్నా, ఇప్పుడు గుంజు. ఖాజా, మూరెడు ఇడువు. ఆపు. ఇంకో మూరెడు."

కొమ్మ మిద్దె దాటింది. వాకిట్లోకి వచ్చింది. ముసలిమనిషి మంచం మీద కూర్చున్నంత మెల్లగా నేలకు ఆనింది.

లోపలి నుంచి అమీరున్నీసా గొంతు వినిపించింది.

"అత్తమ్మా, కొమ్మ ఎప్పుడు కోస్తరు? పిల్ల ఇప్పుడే పండుకుంది, సప్పుడుకు లేస్తదేమో."

ఈరన్న ముందు నవ్వాడు. తర్వాత ఖాజా. లాల్‌బీ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లోపలికి వెళ్లింది. చెట్టు మీద మాసయ్య కోసిన చోటుకు పేడా మట్టీ కలిపి పూస్తూ ఆ మాట విన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా చాలామంది చాలా మెచ్చుకున్నారు. ఇంత మంచి మాట ఎవరూ అనలేదనిపించింది.

దిగివచ్చాక లాల్‌బీ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, రెమ్మల కుప్పలో వెతికి బొటనవేలంత లావు కర్ర ఒకటి తీశాడు. బెరడు ఒలిచాడు. కణుపులు చెక్కాడు. పెంకుముక్కతో గీకి గీకి నున్నగా చేశాడు.

"ఎందుకు మామా అది?" అన్నాడు ఖాజా.

"పిల్లను తొట్టెలల ఏస్తరు గద. చీర మూసుకపోకుంట నడుమ అడ్డం పెట్టండ్రి. యాపకర్రకు పురుగు రాదు."

ఈరన్న మోకులన్నీ చుట్టి అతని భుజానికి తగిలించాడు. "మాసయ్యా, నా అడితికి రా ఓసారి. నీతో పని ఉంటది," అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అతన్ని పేరుపెట్టి పిలిచినవాడు కాదు.

"చెట్లు నరికే నీ పని నేను చెయ్య. కొమ్మ ఉంటే చెప్పు, వస్త," అని మాసయ్య గట్టు దారి పట్టాడు. కుంటుతూనే, తల ఎత్తుకుని నడిచాడు.

ఆ తర్వాత తొమ్మిదో రోజు తెల్లవారి మాసయ్య నిద్రలోంచి ఇక లేవలేదు. ముందు రోజు కూడా ఎక్కడో మామిడిచెట్టు ఎక్కి వచ్చాడట. సంతకు వచ్చిన గట్టు మనిషి చెబితే ఖాజాకు తెలిసింది. ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు. లాల్‌బీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, గదిలో దూలానికి వేలాడుతున్న చీర ఉయ్యాల ముందు నిలబడింది. పిల్ల నిద్రపోతోంది. తల వైపు, చీర రెండు అంచుల మధ్య, పిల్లకు గీసుకోకుండా రెండు కొసలూ గుండ్రంగా నున్నగా చేసిన తెల్లటి వేపకర్ర ఇంకా పచ్చి వాసన వేస్తోంది.