ఏటా పట్టించే నూనె

వడ్రంగికి ప్లాస్టిక్ చెక్క పేరెత్తితే ఒళ్లు మంట. రంపప్పొట్టునూ ప్లాస్టిక్‌నూ కలిపి పలకలుగా పోసి, పైన చెక్క చారలు అచ్చుగుద్ది అమ్మే సరుకది. అమ్మేవాడు సొంత బావమరిది కావడం అగ్నికి ఆజ్యం పోసినట్టయింది.

"నీది చెక్క కాదురా, చెక్క వేషం" అనేవాడు ఈయన.

"నీ చెక్క తాగుబోతు, బావా. ఏటా నూనె పొయ్యాల్సిందే!" అనేవాడు వాడు.

వడ్రంగి భార్య మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో నడిస్తే మంచిదన్నారని పెరట్లో చిన్న ఈతకొలను తవ్వించారు. దాని చుట్టూ ఏం పరచాలో ఇప్పుడు తేల్చుకోవాలి. ఆమెకు తేలాల్సింది వేరే ఉంది. పోయిన వారం ఆయన ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లొచ్చి, "ఏం లేదట, గ్యాసేనట" అన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి అబద్ధమాడితే తెలియదా? బెల్టుకు కొత్త కన్నాలు పడుతున్నాయి. అడగడానికి మాత్రం ఆమెకు నోరు రాలేదు. భయం.

కాలి కింద పరిచేది దేన్నయినా అరికాలితో చూసి ఎంచాలన్నది ఆయన పద్ధతి. రాయి, టైలు, బావమరిది పట్టుకొచ్చిన ప్లాస్టిక్ చెక్క, టేకు ముక్కల్ని మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి, మగ్గుతో నీళ్లు చిలకరించి, చెయ్యి పట్టుకుని ఆమెను ఒక్కోదాని మీద నిలబెట్టాడు.

నీళ్లు పడ్డా రాయి చుర్రుమంది. టైలు మీద కాలు సర్రున జారితే ఆయనే పట్టుకున్నాడు. ఆ పట్టులో మునుపటి బలం లేదు. ప్లాస్టిక్ చెక్క జారలేదు గానీ కాస్త కాలింది. టేకు మీంచి మాత్రం ఆమెకు కాలు తియ్యబుద్ధి కాలేదు.

"ఇదే" అంది.

బావమరిది నిట్టూర్చి తన ముక్కను సంచీలో పెట్టుకోబోయాడు.

"ఉండరా. నీదే వేద్దాం. లేత రంగుదైతే ఇంత కాలదు" అన్నాడు వడ్రంగి.

"సూర్యుడు పడమట పొడిచాడేంటి బావా! అక్కా, విన్నావా? నువ్వే సాక్షి!" ఏమీ తెలియని ఆ పిచ్చి సన్నాసి ఆనందం పట్టలేకపోయాడు.

ఆమె నవ్వలేదు. "ఇంట్లో గరిటె కూడా ప్లాస్టిక్‌ది ఉండనివ్వరు. ఇప్పుడిదేంటండీ?"

"టేకుకి ఏటా నూనె పట్టించాలి. మానేస్తే పెచ్చులు లేచి నీ కాళ్లలో దిగుతాయి. దీనికా గొడవ లేదు."

"ఏటా మీరు పట్టిస్తారుగా."

ఆయన చతికిలబడి టేకు ముక్కను తువ్వాలుతో తుడవసాగాడు. తడి ఆరిపోయినా తుడుస్తూనే ఉన్నాడు. డాక్టరు ఏం చెప్పాడో ఆమెకు తెలిసిపోయింది. బావమరిది నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మోకాళ్లు మొరాయిస్తున్నా ఆమె ఆయన పక్కనే కూలబడింది. "టేకే వెయ్యండి. నూనె ఎలా పట్టించాలో నాకు నేర్పండి."

ఆయన తలెత్తి చూశాడు. ఇక దాచి లాభం లేదు. కళ్లు నిండుతుంటే, షెడ్డులోంచి నూనె డబ్బా తెమ్మని బావమరిదికి సైగ చేశాడు. గుడ్డ ముంచి ఆమె చేతికిచ్చాడు. ఆమె అడ్డంగా రుద్దింది.

"అలా కాదే, చార వెంట" అంటూ ఆమె చేతి మీద చెయ్యి వేసి నడిపించాడు. రెండోసారికే గుడ్డ సరిగ్గా సాగింది.

"వచ్చేసిందే నీకు" అన్నాడు.

"రాలేదండీ" అంది ఆమె ఏడుస్తూ. "ఇంకోసారి చూపించండి."