గ్యారేజీలో వాన

మా గ్యారేజీలో నడి చలికాలంలో వాన కురిసింది. బయట ఉమ్మి నేల తాకేలోపు గడ్డకట్టే చలి, లోపల పైకప్పు నుంచి టపటపా చినుకులు. ఈ మాటకి మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. సగం ఇళ్ళలో ఇదే బాగోతం. కురుస్తుంది, తుడుచుకుంటారు, నోరు మూసుకుంటారు. నేను మూసుకోలేదని మా వాళ్ళకి నా మీద ఇప్పటికీ గుర్రు.

మా తాతలు ఫిన్లండ్ నుంచి అమెరికాలో ఈ పెద్ద సరస్సు ఒడ్డుకి రాగి గనుల్లో పనికి వచ్చారు. గనులు మూతపడ్డాయి గాని వాళ్ళు తెచ్చిన సౌనా మాత్రం ఇంటింటా ఉంది. కట్టెల పొయ్యి మీద రాళ్ళు కాల్చి, నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో చెక్కబల్లల మీద కూర్చుని చెమటోడుస్తాం. శనివారం సౌనా తప్పితే మాకు వారం గడిచినట్టే కాదు. అక్కడ చర్చిలో ఉన్నట్టు ఉండాలి, గొంతు లేపకూడదు. అందుకే మా ఇళ్ళలో మొగుడూ పెళ్ళాల తగాదాలన్నీ అక్కడే తీరుతాయి. తీరుతాయంటే ఎవరూ ఏమీ అనరు. చెమటతోపాటు కోపమూ కారిపోతుంది, బయటికొచ్చి కాఫీ తాగుతారు. తప్పు నాదే అన్న మాట ఒక మగాడి నోట రాగా నేను మా ఊళ్ళో వినలేదు.

పెరట్లో మా పాత సౌనా కూలిపోతే, నా మొగుడు వైనో, అతని తమ్ముడు ఉర్హో కలిసి కొత్తదాన్ని గ్యారేజీలోనే ఒక మూల కట్టారు. మంచులో నడిచే బాధ తప్పుతుందన్నారు. రెండో మూల నా మగ్గం ఉంది, దానికి తడి తగులుతుందని అప్పుడే అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పైగా ఉర్హో తన తెలివితేటలు కూడా చూపించాడు. సౌనా ఆవిరి బయటికి పోవాల్సిన కంతని గ్యారేజీలోకి తిప్పాడు.

"కట్టెలు కొట్టింది మనం వదినా, వేడి కాకులకెందుకు దానం చెయ్యాలి?" అని నవ్వాడు.

అది చాలదన్నట్టు, పొగగొట్టం లేని గ్యాస్ హీటరు ఒకటి పెట్టారు. ఆ మంట వేడితోపాటు నీళ్ళనీ గాలిలోకి వదులుతుంది. కిటికీ తెరిచి వాడమని దాని మీదే రాసి ఉంది. తెరవడం మాట దేవుడెరుగు, సందు సందునా దూది కుక్కి, గోడలకి ప్లాస్టిక్ పట్టాలు కొట్టారు. వైనో తన పికప్పుని చక్రాల నిండా మంచుతో తెచ్చి లోపల పెట్టేవాడు. తెల్లారేసరికి అదంతా కరిగి మడుగయ్యేది. బయటే చీపురుతో దులిపి తీసుకురమ్మంటే, లోపల ఎలాగూ ఆరిపోతుంది కదా అనేవాడు. ఆరిన నీళ్ళు ఎక్కడికి పోతాయి, స్వర్గానికా? పైకప్పులోంచి పొడుచుకొచ్చిన మేకుల మొనలకి పట్టి తెల్లగా మంచులా పేరుకునేవి. శనివారం సౌనా కాగగానే ఆ పేరుకున్నదంతా కరిగి మా నెత్తిన పడేది. అదీ మా వాన.

ఆ మగ్గం మీద ఉన్నది మామూలు తివాచీ అయితే నేను ఇంత రాద్ధాంతం చేసేదాన్ని కాను. పోయిన వసంతంలో నా చెల్లెలు లెంపి చచ్చిపోయింది. దాని కూతురు కైసా వాళ్ళమ్మ బట్టలన్నీ సంచుల్లో కట్టి తెచ్చి నా ముందు పెట్టి, వీటితో నాకో తివాచీ నేసిపెట్టు పెద్దమ్మా, రోజూ పొద్దున లేవగానే అమ్మ మీద కాలు పెట్టి దిగుతాను అంది. నవ్వుతూనే అంది, తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆ బట్టలన్నీ నేనే సన్నటి పేలికలుగా చీల్చి ఉండలు చుట్టాను. చివర్న వేద్దామని నీలం గౌను దాచాను. యాలకుల రొట్టె కాల్చే ప్రతిసారీ లెంపి వేసుకున్న గౌను అది, తెల్ల చుక్కలది. ఆ నీలం నేత కూడా మొదలుపెట్టాను, ఇక జానెడే మిగిలింది.

చెమ్మ గురించి వారం వారం చెప్పాను. వైనో నిమ్మకు నీరెత్తినట్టు విని, "సౌనా కాగింది, పద, తర్వాత మాట్లాడుకుందాం" అనేవాడు. వెళ్ళేదాన్ని. పక్కన కూర్చుని నా వీపు రుద్దేవాడు. బయటికొచ్చేసరికి ఒళ్ళు తేలికై, ఏం అడగాలనుకున్నానో అడగబుద్ధి కాక కాఫీ పెట్టేదాన్ని. ఇలా చలికాలం సగం గడిచింది. సౌనా వల్ల వచ్చిన కోపాన్ని సౌనాలోనే పోగొట్టుకునే తెలివితక్కువతనం భూమ్మీద మా జాతికి తప్ప ఇంకెవరికీ ఉండదు.

తర్వాత నాకు జ్వరం వచ్చి మంచాన పడ్డాను. మగ్గం మీద చినుకులు పడుతున్నాయని ఉర్హోకి జాలి కలిగింది. పెద్ద ప్లాస్టిక్ పట్టా తెచ్చి మగ్గాన్నీ నేసిందాన్నీ కింద ఉండల బుట్టనీ కలిపి కప్పి, చుట్టూ తాడుతో బిగించి కట్టాడు. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పాను వదినా అని మంచం దగ్గరికి వచ్చి చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. జ్వరం మత్తులో నేను కూడా మెచ్చుకున్నాను. అప్పటికే తడిసిన గుడ్డని గాలి ఆడకుండా మూటగట్టాడని నాకు తట్టలేదు.

లేచి తిరిగిన రోజున తాడు విప్పాను. గుప్పున బూజు కంపు కొట్టింది. నేత మీద నల్లటి మచ్చలు, పడుగు దారాలు బూడిద రంగు. బుట్టలో నీలం ఉండ పట్టుకుంటే వేళ్ళకి జిగురు తగిలింది, లాగితే పీలికలైపోయింది. నాకు కోపం నషాళానికంటింది. వైనోని పిలిచి చూపించాను. వంగి చూసి, గడ్డం గోక్కుని, ఉతికితే పోతుందేమో అన్నాడు. పోకపోతే దీని బదులు కొట్లో నీలం గుడ్డ దొరక్కపోదన్నాడు.

ఆ మాట అన్నాక అతను ఏం చెప్పినా నా చెవికెక్కలేదు.

ఆ శనివారం సౌనా కాగింది పదమన్నాడు. రానన్నాను. మా పెళ్ళైన దగ్గర్నుంచి రానన్న శనివారం లేదు. కానుపుకి వెళ్ళేముందు కూడా వెళ్ళాను. ఈసారి వెళ్తే నా కోపం కారిపోతుందని నాకు తెలుసు, అది కారిపోవడం నాకు ఇష్టం లేదు. లెంపి కోసం నా దగ్గర మిగిలింది అదొక్కటే.

వారాలు గడిచినా నేను వెళ్ళలేదు. ఊరంతా పాకింది. హెల్మి సౌనా మానేసిందట అని, ఏదో పెద్ద జబ్బు చేసినట్టు, చర్చి ఆడవాళ్ళు రొట్టెలు పట్టుకుని పరామర్శకి వచ్చారు. ఎందుకు మానేశావని ఒక్కతీ అడగలేదు. వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళారు. వైనో ఒక ఫ్యాను తెచ్చి గ్యారేజీలో పెట్టాడు. అది తడి గాలిని ఈ మూల నుంచి ఆ మూలకి తిప్పింది. అతను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, గోడకి కంత కొట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

నేను కైసాకి కబురు చెయ్యలేదు. ఏమని చెప్పను? ఆ పిల్లే ఒక శనివారం మధ్యాహ్నం తివాచీ ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చింది. ఉర్హో అప్పటికే సౌనాలో ఉన్నాడు. కైసా తిన్నగా మగ్గం దగ్గరికి వెళ్ళి నీలం నేత మీద అరచెయ్యి ఆనించింది. వంగి మొహం దగ్గరగా పెట్టింది.

"అమ్మ వాసన లేదు పెద్దమ్మా. గ్యారేజీ కంపు కొడుతోంది" అంది.

దాని గొంతులో నిష్ఠూరం లేదు, అందుకే మరీ నరకం. పికప్పు పక్కన నిలబడ్డ వైనో బూట్ల వంక చూసుకున్నాడు.

"సౌనా కాగింది. ముగ్గురం వెళ్దాం. తర్వాత నిమ్మళంగా మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని తువ్వాలు కోసం కొక్కెం వైపు నడిచింది. దాని తల్లీ అంతే, నేనూ అంతే, మమ్మల్ని పెంచినవాళ్ళూ అంతే. నా ఒళ్ళు మండిపోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను. గ్యారేజీ పెద్ద తలుపు మీట నొక్కాను. తలుపు పైకి లేచింది, లోపలి ఆవిరంతా బయటికి దొర్లింది, కత్తిలాంటి చలి లోపలికి వచ్చింది.

"ఆవిరిలోకి ఎవరూ వెళ్ళొద్దు. వైనో, చెప్పేదేదో ఇక్కడ చెప్పు. బట్టలేసుకుని, పొడిగా, నీ నోటితో చెప్పు. దాని మొహం చూసి చెప్పు" అన్నాను.

సౌనా తలుపు తీసి ఉర్హో నడుముకి తువ్వాలుతో తొంగిచూశాడు. తలుపెవరు తీశారు వదినా, చచ్చిపోతాను అన్నాడు. పట్టా కప్పింది నువ్వే, నువ్వూ ఇటొచ్చి నిలబడు అన్నాను. అతను నన్నూ చూసి కైసానీ చూసి గమ్మున లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు.

వైనో కైసాకి ఎదురుగా వచ్చాడు. మీసం మీద ఊపిరి గడ్డకట్టింది. బావిలోంచి బరువు చేదుతున్నట్టు ఒక్కో మాటే పైకి లాగాడు.

"హెల్మి చెబుతూనే ఉంది. నేను వినలేదు. మీ అమ్మ బట్టలు పాడుచేసింది నేనే కైసా. కొట్లో గుడ్డ కొందామన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

ఇలాంటి మాట ఎవరైనా అంటే, మాలో వెంటనే పర్వాలేదులే అనాలి. అనకపోతే మహా మర్యాద తప్పినట్టు. వైనో నా వైపు చూసి ఆ మాట కోసమే ఎదురుచూశాడు. కైసా కూడా చూసింది. నా నాలుక చివరి దాకా వచ్చిందా మాట. మింగేశాను.

కైసా మగ్గం దగ్గర కూర్చుని, కుళ్ళిన నీలం పేకని వరసగా విప్పడం మొదలుపెట్టింది. వైనో వెళ్ళి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తెగిన పేలికల్ని ఒక్కొక్కటే ఏరి దాని ఒళ్ళో పెడుతున్నాడు. మధ్యమధ్య చలికి వేళ్ళ మీద ఊదుకుంటున్నాడు. నేను తలుపు ముయ్యలేదు.