పంటి బిగువు

ట్యూబును అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చి, ఆఖరి మడత దగ్గర రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కితే పళ్ళు అతికించే పేస్టు బఠాణీ గింజంత వచ్చింది. ఈలాయన దాన్ని పై కట్టుడు పళ్ళ సెట్టు లోపల మూడు చుక్కలుగా పెట్టాడు. సెట్టును నోట్లోకి తోసి, వేళ్ళతో అంగిటికి అదిమిపట్టి, అద్దంలో చూసుకుంటూ అరవై లెక్కపెట్టాడు. తర్వాత మెడలో తాడుకు వేలాడే ఇత్తడి ఈలను ముందు పళ్ళ మధ్య కరిచి, పక్కగదిలోకి కూడా వినపడనంత మెల్లగా ఊదాడు. పలికింది. ఇంకోసారి ఊదాడు. ఈసారి సెట్టు వెనకవైపు కొంచెం జారి నాలుకకు తగిలింది.

“ఇంక చాలు, ఆ అద్దం అరిగిపోతుంది,” అంది భార్య బయటి నుంచి. “సాయంత్రం ఐదులోపు డాక్టరమ్మకి ఏ సంగతో చెప్పాలి. గుర్తుందా?”

“ఊఁ.”

“ఊఁ అంటే వెళ్తాననా, వెళ్ళననా?”

“విన్నానని.”

“నోరు జారితే ఫర్వాలేదు, ముప్ఫై ఏళ్ళుగా పడుతూనే ఉన్నాను. పళ్ళు జారితేనే చిక్కు.”

మామూలు రోజయితే ఆయన నవ్వేవాడు. కానీ నవ్వితే పేస్టు పట్టు వదులుతుంది. బనీను మీద చొక్కా తొడుక్కుని, ఈలను లోపలికి వేసుకుని బయల్దేరాడు.

ఆయన పనిచేసేది ఇనప దూలాలు నిలవచేసే యార్డులో. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. పెద్ద క్రేను డ్రైవరు మూడంతస్తుల ఎత్తున అద్దాల గదిలో కూర్చుంటాడు. యార్డు చివర, పేర్చిన దూలాల గుట్ట వెనక ఏం జరుగుతోందో ఆయనకు కనపడదు. అక్కడ డ్రైవరుకు కళ్ళు ఈలాయనే. బరువు గిరగిరా తిరగకుండా రెండు చేతులతో తాడు పట్టుకోవాలి కాబట్టి ఈల పళ్ళ మధ్యే ఉండాలి. ఒక పొట్టి ఈల ఊదితే పైకి, రెండు ఊదితే కిందికి, ఊపిరంతా పెట్టి పొడుగ్గా ఊదితే ఉన్నచోట ఆగాలి. ఇరవయ్యారేళ్ళుగా ఎన్ని వేల టన్నులు ఆ ఈల మీద లేచి దిగాయో లెక్కలేదు. ఒక్కరికీ గోరు కూడా చిట్లలేదు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనడు, అంటే దిష్టి తగులుతుందన్నట్టు.

దెబ్బ తగిలింది ఆయనకే. ముప్ఫై నాలుగో ఏట ఖాళీ కొక్కెం ఊగి వచ్చి మూతి మీద కొట్టింది. నాలుగు పళ్ళు అక్కడే రాలాయి, పైవరసలో మిగతావి కదిలిపోయి ఒక్కొక్కటే ఊడాయి. కింద ముందరి ఆరూ మాత్రం రాయిలా నిలిచాయి. పైన సెట్టు కట్టించుకుని, మళ్ళీ ఈల కరిచి, పంటి బిగువున ఉద్యోగం లాక్కొచ్చాడు.

ఆ బిగువే కొంప ముంచిందని కిందటివారం డాక్టరమ్మ చెప్పింది. కంప్యూటరు తెర మీద ఆయన పుర్రె బొమ్మను తిప్పి తిప్పి చూపించింది. పైదవడ ఉండాల్సినచోట పెంకులాంటి పల్చటి గీత ఉంది.

“కింద మీ సొంత పళ్ళు గట్టివి. పైన ప్లాస్టిక్ సెట్టు. రోజూ ఎనిమిది గంటలు ఈల కరిచిపట్టుకున్నారు. ఆ ఒత్తిడంతా పై ఎముక మీద పడింది, అరిగిపోయింది. ఇప్పుడు సెట్టు కూర్చోవడానికి గట్టు లేదు. పళ్ళు బిగించే మరలు, మామూలు ఇంప్లాంట్లు, దిగడానికి ఎముకా లేదు.”

దారులు మూడున్నాయంది. తుంటి నుంచి ఎముక తీసి దవడలో పెట్టి, అది అతుక్కునేదాకా ఏడెనిమిది నెలలు ఆగి, అప్పుడు ఇంప్లాంట్లు దించడం ఒకటి. అతుక్కుంటుందని పూచీ ఇవ్వలేనంది. దవడను నమ్ముకోకుండా పొడవాటి ఇంప్లాంట్లు నాలుగు ఏటవాలుగా చెంప ఎముకలోకి దించడం రెండోది. దానికయితే కొద్దిరోజుల్లోనే పళ్ళు బిగించవచ్చు. కానీ ముక్కు పక్కనున్న గాలి గది అంచునా, కంటి గుంటకు దగ్గరగానూ పోవాలి. అది చేసే పెద్ద డాక్టరు నెలకోసారి వస్తాడు, ఈసారి వచ్చేది ఎల్లుండి, అందుకే ఇవాళ ఐదులోపు చెప్పమంది. మూడోది ఏమీ చేయకపోవడం. ఇంకో సెట్టు, ఇంకాస్త పేస్టు, ఎన్నాళ్ళో తెలీదు.

“మరి ఈల సంగతో?” అని అడిగాడు ఆయన.

“ఆపరేషన్ చేయించుకుంటే ఇంక ఎప్పుడూ పళ్ళతో ఈల పట్టకూడదు.”

ఆ బొమ్మలో చూపించిన ఇంప్లాంటు ఆయన చూపుడువేలంత ఉంది. ఆయనకు ఇనుము తెలుసు, దాన్ని తొలిచే బరమా తెలుసు. చెయ్యి వణికితే బరమా ఎటు జారుతుందో, జారినప్పుడు పక్కన ఏముంటే అది ఏమవుతుందో చాలాసార్లు చూశాడు. ఇప్పుడు ఆ పక్కన ఉన్నది తన కన్ను. వారం రోజులుగా అన్నం ముందు కూర్చున్నా, మంచం మీద పడుకున్నా ఎడమకంటి కింద ఏదో తిరుగుతున్నట్టే ఉంది. భయమేసింది, మూడోదారే నయమనుకున్నాడు.

కానీ మూడురోజుల కిందట ఇంకో భయం పుట్టింది. దూలం దింపుతూ ఆగమని ఊదితే సెట్టు జారి ఈల పలకలేదు. ఎవరూ గమనించలేదు, కిందా ఎవరూ లేరు. మళ్ళీ ఊదాడు, పలికింది. అంతే జరిగింది. అప్పటి నుంచి దూలం లేచిన ప్రతిసారీ ఆయన నాలుకతో సెట్టును అంగిటికి నొక్కి చూసుకుంటున్నాడు.

కొక్కేనికి బరువులు తగిలించేదీ, దించేచోట చెక్క దిమ్మలు సర్దేదీ ఆయన తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. ఈ పనిలో పెట్టించింది ఈలాయనే. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, నోరు ఊరుకోదు.

“అన్నయ్యా, పొద్దుట్నుంచి చూస్తున్నా, నీ ఈలకి జలుబు చేసినట్టుంది,” అన్నాడు మధ్యాహ్నం టీ దగ్గర.

“నీ చెవులకి చేసిందేమో,” అని ఈలాయన రొట్టెను టీలో ముంచి నాలుకతో నలుపుకున్నాడు.

తర్వాత మరుగుదొడ్లోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. ట్యూబులో ఏమీ రాలేదు. బ్లేడుతో నిలువునా చీల్చి గోటితో గీకాడు. గోరంచు తెల్లబడింది, అంతకుమించి లేదు. మందుల షాపు రెండు వీధుల అవతల ఉంది. పోయిరావడానికి అరగంట చాలు. ఇంతలో సూపర్‌వైజరు తలుపు కొట్టాడు.

“ఏంటయ్యా, లారీ ముందే వచ్చేసింది. నీకోసం అందరూ నిలబడి ఉన్నారు.”

“సార్...”

“చెప్పు.”

మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఇవాళే ఈల తీసేసుకుంటారు. రేపటి నుంచి గేటు దగ్గర స్టూలు వేస్తారు, వచ్చేపోయేవాళ్ళు పలకరించి జాలిపడతారు.

“ఏం లేదు, వస్తున్నా,” అన్నాడు.

ఆరు టన్నుల దూలం లారీ మీద నుంచి లేచి, గుట్ట దాటి, వెనకవైపుకు వచ్చింది. ఈలాయన తాడు బిగించి పట్టుకుని రెండు పొట్టి ఈలలు ఊదాడు. దూలం దిగసాగింది. నడుమెత్తు దగ్గరికి వచ్చేసరికి తోడల్లుడికి దిమ్మ ఒకటి వంకరగా ఉన్నట్టు కనిపించింది. ఏ ధీమాతోనో వంగి, దూలం కిందికి భుజాలదాకా దూరి, దాన్ని జరుపుతున్నాడు. ఆ ధీమా ఈల మీదే. తను కిందికి దూరితే ఈల పలుకుతుంది, దూలం ఆగుతుందని ఇన్నేళ్ళుగా అలవాటు.

ఈలాయన ఊదాడు. సెట్టు కిందికి ఊడిపడి ఈలకు అడ్డం పడింది. ఫుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. అరుద్దామంటే నోట్లో సెట్టు నాలుకను నొక్కేసింది. దూలం దిగుతూనే ఉంది. తోడల్లుడి చొక్కా వీపు మీద చెమట మరక, పక్కన చిన్న చిరుగు ఆయనకు స్పష్టంగా కనిపించాయి. తాడు వదిలేశాడు. నోట్లో రెండు వేళ్ళు పెట్టి సెట్టును పెరికి ఎటో విసిరేశాడు. ఈలను ఒట్టి పైచిగురుకూ కింది పళ్ళకూ మధ్య పెట్టి, పెదవులు బిగించి, ఛాతీలో ఉన్నదంతా ఊదాడు.

ఈల పలికింది. దూలం ఒక్క కుదుపుతో ఆగింది. వీపుకూ దానికీ మధ్య జానెడు ఉందో లేదో.

తోడల్లుడు వెనక్కి పాకి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. “అంత పొడుగ్గా ఊదావేంటన్నయ్యా? ఏమైం...” అని తలెత్తి ఆగిపోయాడు. అన్నయ్య ముఖం అంత ముసలిదని అతనికి తెలియదు. పైపెదవి లోపలికి పడిపోయి ముక్కు గడ్డాన్ని అందుకుంటోంది. అతని చూపు దిమ్మల దగ్గరికి పోయింది. దూలం నీడలో, దిమ్మ మీద గులాబీరంగు సెట్టు వెల్లకిలా పడి ఉంది. అతను పరాచికమాడలేదు.

“ఉండు, తీసిస్తా,” అని వంగబోయాడు.

ఈలాయన అతని కాలరు పట్టుకుని మూడడుగులు వెనక్కి లాగాడు. ఒక్క పొట్టి ఈలతో దూలం పైకి లేచేది, సెట్టు తీసుకోవడానికి క్షణం పట్టేది కాదు. అది చేతికొస్తే రేపు కొత్త ట్యూబు కొని, అద్దం ముందు అరవై లెక్కపెట్టి, మళ్ళీ ఇక్కడే వచ్చి నిలబడతాడు. తన సంగతి తనకు తెలుసు. ఈలను పెదవుల మధ్య పెట్టుకుని రెండుసార్లు ఊదాడు. దూలం దిగి దిమ్మల మీద కూర్చుంది. వేరుశనక్కాయ చిట్లినంత చప్పుడయింది.

ఆఫీసు గదిలో సూపర్‌వైజరుకు ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పళ్ళు లేక ‘త’లూ ‘ద’లూ గాలిలో కలిసిపోయాయి. మూడు రోజుల కిందట మొదటిసారి పలకలేదనీ, తప్పు తనదేననీ, ఇక ఈల పట్టననీ చెప్పి, మెడలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టాడు. సూపర్‌వైజరు తిట్టబోయి, ఆ ముఖం చూసి, ఈలను తాడుతో సహా సొరుగులో పెట్టాడు.

గేటు దాకా తోడల్లుడు వెంట వచ్చాడు. “డాక్టరు దగ్గరికేనా? నేనూ వస్తా.”

“వద్దు. ఈలకి ఇంకో మనిషిని పెట్టేదాకా ఆ వెనక దేన్నీ కదపనివ్వకు. నువ్వూ పోకు.”

“చెంప ఎముకలోకే వేయించుకుంటావా?”

“ఊఁ.”

“భయం లేదా అన్నయ్యా?”

“చచ్చేంత ఉంది,” అన్నాడు ఈలాయన. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఐదు కావడానికి ఇంకా టైముందో లేదో గేటు గడియారం వైపు చూసి, రోడ్డు దాటాడు.

సాయంత్రం సైరను మోగాక యార్డు ఖాళీ అయింది. గుట్ట వెనక దూలం దించినచోటే ఉంది. దాని అంచు కింద, దిమ్మకు అతుక్కుని, గులాబీరంగు పెచ్చు ఒకటి బయటికి కనిపిస్తోంది, దానికి రెండు ముందుపళ్ళు ఇంకా ఉన్నాయి.